కంచె గుంజ మీది కుదురు

నాకు జరిగిన అవమానాల్లో ఒక్కటీ నేను మరిచిపోలేదు. మిషన్ బడి పంతులు దగ్గర అక్షరాలు వచ్చిన కొత్తలో, ఆయన ఇచ్చిన కాగితాల మీద మొట్టమొదట రాసుకున్నవి ప్రార్థనలూ కావు, పాఠాలూ కావు. ఎవరు ఏ రోజున నన్ను ఏమన్నారో రాసుకున్నాను. ఆ కాగితాలను చెదలు తినేశాయి గాని మాటలు పోలేదు. ఒక పెళ్లి విందులో నా ఆకు దాటి పక్కవాడికి మాంసం వడ్డించిన మనిషి ఎవరో, ఆ దాటడంలో ఏ కాలు ముందు వేశాడో ఈనాటికీ చెప్పగలను.

అయినా ఇప్పుడు రాస్తున్నది నాకు జరిగింది కాదు, నా వల్ల జరిగింది. దానికి ఎవరూ నన్ను తప్పు పట్టలేదు. పట్టి ఉంటే ఇన్నేళ్లలో దాన్ని కూడా ఒక ఫిర్యాదుగా మార్చుకుని, ఎవరితోనో పోట్లాడి తేలికపడేవాణ్ణి.

మా ఊరు డుంబ్రిగుడ సంతకు ఒక పూట నడక. రెండు వరసల ఇళ్లు, మధ్యన వీధి, వీధి నడుమ పెద్దలు కూర్చునే రాళ్లు. ఆ రాళ్లను సదరు అంటారు. సామలు నూర్చి గాదెల్లో పోసుకున్నాక, వలిసె పూలు రాలిపోయే రోజుల్లో, పెద్దలు సదరు మీద కూర్చుని చలికాలం ఏర్పాట్లు మాట్లాడేవారు. వీధి నెగడుకు ఎవరు దుంగలు తేవాలి, ఊట దారిలో పాచి ఎవరు గీకాలి, బాలింత ఇంటికీ, ఒంటరి ముసలివాళ్ల ఇంటికీ కట్టెలు ఎవరు మొయ్యాలి, ఇవన్నీ అక్కడే తేలేవి. మంచు పట్టిందంటే మా దగ్గర పొద్దు బాగా ఎక్కేదాకా ఎదురిల్లు కనిపించదు. ఇంట్లో నిప్పు ఆరితే ముసలి ప్రాణాలు నిలవవు. అందుకని మిగతా మాటల్లో పెద్దలు ఎంత మెతకగా ఉన్నా కట్టెల వంతు దగ్గర మాత్రం గట్టిగా ఉండేవారు. వంతు తప్పిన ఇంటితో ఆ చలికాలమంతా ఊరు నిప్పు మానేసేది. ఆ ఇంటికి ఎవరూ నిప్పు ఇవ్వరు, ఆ ఇంటి నిప్పు ముట్టరు, ఆ ఇంట్లో పురుడొచ్చినా మంత్రసాని గడప తొక్కదు.

సదరులో అనుకున్న మాటను ఊరికి చెప్పేవాణ్ణి బారికి అంటారు. అతను సాయంత్రం ప్రతి గడప ముందూ నిలబడి మాట చెప్పేవాడు. ఇంటి మనిషి "ఇన్నాం" అనాలి. ఆ మాట అన్నాకనే అది ఆ ఇంటికి చెందిన మాట. కట్టెల వంతుకు గుర్తు ఒక కుదురు. అడ్డతీగ నారతో చుట్టిన కుదురు, మోపు కింద తల మీద పెట్టుకునేది. వంతు ఒక సంత నుంచి మరో సంతకు. వంతు తీరినవాడు ఆ కుదురు తెచ్చి తరవాతి ఇంటి మనిషి చేతిలో పెట్టాలి. కుదురు ఎవరింట ఉంటే ఆ వారం కట్టెలు వాళ్లవి. మధ్యలో ఇంకొకరు దాన్ని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే, నీకు చేతకాదు అని ఆ ఇంటివాణ్ణి వీధిలో తిట్టినట్టు.

మా ఇల్లు వీధిలో లేదు. ఊరి పక్క గెడ్డ, అంటే చిన్న వాగు, దాటాక, ఊటకు వెళ్లే దారి పక్కన ఒక్కటే ఉంటుంది. మా నాన్న బతికున్నప్పుడు బారికి గెడ్డలో రాళ్ల మీదుగా దాటొచ్చి మా గడప ముందు నిలబడేవాడు. నాన్న పోయాక రావడం మానేశాడు. గెడ్డ అవతల పనసచెట్టు కింద నిలబడి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని కేక వేసేవాడు. కాలు జారుతుంది అనేవాడు. మా నాన్న ఉండగా జారని కాలు నా దగ్గరికి వచ్చేసరికి ఎందుకు జారుతుందో నాకు అర్థమయ్యేది కాదు. అంటే, అర్థమయ్యేది.

ఇంకా ఉన్నాయి. సదరులో మా నాన్న కూర్చునే రాయి ముందు వరసలో ఉండేది. ఆయన దినం కాకముందే ఎవరో దాన్ని వెనక్కి దొర్లించారు. వీధికి ఎడ్లబండి దారి కావాలన్నారు. మా ఊళ్లో అప్పటికి ఎడ్లబండే లేదు. గూడెం వైపు కొండల్లో పితూరీ అణచడానికి వచ్చిన పోలీసులు వెళ్లిపోయిన ఏడాది, సర్కారు వాళ్లు మిగిలిన కంబళ్లు కొన్ని మా ఊరికి ఇచ్చారు. పెద్దలు పంచితే మా ఇంటికి వచ్చిన దానికి నడుమ పిడికిలి పట్టేంత కన్నం, చుట్టూ కాలిన అంచు. ఊరిపెద్ద నవ్వుతూ, "తల దూర్సుకుంటే సొక్కా అవుతాదిరా" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ కంబళి ఆ కన్నంతోనే కప్పుకున్నాను. నా భార్య కుడతానంటే కుట్టనివ్వలేదు.

ఆ మరుసటి చలికాలం సంగతి ఇది. పంతొమ్మిది వందల ఇరవైల నడుమ ఏదో ఒక ఏడు. మాకు అప్పట్లో ఏళ్లకు అంకెలు లేవు, పంటలను బట్టే గుర్తు. నా భార్యకు తొలి చూలు, నెలలు నిండుతున్నాయి. ఆ ఏడు సదరులో ఒక్క ఇంటికే కట్టెలు ఏర్పాటు చేశారు. ఊరి పై చివర, కొండవాలు కింద ఉండే అవ్వ ఇంటికి. ఆమెకు పిల్లలు లేరు, మొగుడు పోయి చాలా కాలమైంది. ఊళ్లో పిల్లలందరినీ తన చేతులతో దించిన మంత్రసాని ఆమె. నా బొడ్డు కోసింది కూడా ఆమే. మోకాళ్లు పట్టేసి రెండేళ్లుగా అడవికి వెళ్లలేకపోతోంది.

సంత ముందు రోజు సాయంత్రం పనసచెట్టు కింద నుంచి బారికి కేక వినిపించింది. "గెడ్డకాపలోళ్లూ! రేపటినుంచి అవ్వ కర్రలొంతు మీదేనర్రో! ఇన్నారా?"

అరుగు మీదే ఉన్నాను. విన్నాను. పలకలేదు.

"ఇన్నారా, లేదా?" అని మళ్లీ అరిచాడు.

లోపలి నుంచి నా భార్య, "పలకవేటి మావా?" అంది.

"గడప కాడికొచ్చి సెప్పమను. పలుకుతాను."

బారికి కాసేపు ఎదురుచూసి వెళ్లిపోయాడు. మరునాడు పొద్దున సంత రోజు. మంచు ఎంత దట్టంగా ఉందంటే మా కంచె మాకు కనిపించలేదు. నా భార్య ఊటకు వెళ్లింది. పొయ్యి పక్కన కూర్చుని అంబలి తాగుతున్నాను. గెడ్డ రాళ్ల మీద అడుగుల చప్పుడైంది. మాకు ముందరి వంతు గెడ్డ అవతలి బావది. వరసకు బావే గాని అతని మేకలు నా చోడిచేను తిన్నప్పటి నుంచి మా మధ్య మాటలు తక్కువ.

"బావా!" అని పిలిచాడు కంచె దగ్గర నుంచి.

డొప్పతో అంబలి ముంచుకున్నాను.

"బావోయ్! ఇంట్లో ఉన్నావేటి?"

ఆ రెండో పిలుపు మొదటిదాని కన్నా దగ్గరగా వినిపించింది. లోపలికి తొంగి చూస్తే నేను కనిపించేవాణ్ణే. అతను తొంగి చూడలేదు. పిలుపుకు జవాబు రాకుండా కంచె దాటి ఇంకొకరి వాకిట్లోకి రావడం అతనికి తెలియదు. "సంతకెల్లిపోనాడు గావాల" అని పైకే అనుకుని, ఏదో తగిలించిన చప్పుడు చేసి వెళ్లిపోయాడు.

నా భార్య నీళ్లతో వచ్చి వాకిట్లోనే ఆగింది. "మావా, కుదురొచ్చినాది."

"రాలేదు."

"ఇదిగో, గుంజకి తగిలించుంది కదా."

"గుంజకి వచ్చింది. నాకు రాలేదు."

"యాళాకోళమా? అవ్వ కాడ కర్రలుండవు. నువ్వెల్లకపోతే నానట్టుకెల్తాను. సిన్న మోపైతే మోయగల్ను."

"దాన్ని ముట్టుకున్నావంటే ఒప్పుకున్నట్టే. మాట గడప కాడ పడాల, కుదురు సేతిలో పడాల. రెండూ పడనేదు. ముట్టుకోకు."

ఆమె కుండ దించింది. "నీకు కర్రల గురించి సెప్తన్నాను. నువ్వు గడప గురించి సెప్తన్నావు" అని లోపలికి వెళ్లిపోయింది.

నా లెక్క ఏమిటంటే, మర్నాటికల్లా అవ్వ ఇంటికి కట్టెలు రాలేదని ఎవరో ఒకరు గమనిస్తారు. బారికి పరిగెత్తుకుని వస్తాడు. అప్పుడు మా గడప ముందు నిలబడి అడగక తప్పదు. ఒక్క పూట. మహా అయితే రెండు పూటలు. ముసలామె దగ్గర ఆపాటి కట్టెలు ఉండవా? ఈ లెక్కలో నేను చూసుకోని సంగతి ఒకటుంది. ఊటకు వెళ్లే ఆడవాళ్లందరూ మా కంచె పక్కనుంచే పోతారు. గుంజ మీద కుదురు వేలాడుతుంటే, వంతు మాది, మేం మోస్తున్నాం అని అందరికీ తెలిసిపోయినట్టే. ఇక ఎవరూ అవ్వ ఇంటి వైపు చూడక్కర్లేదు. మంచులో ఏ కప్పు నుంచి పొగ వస్తోందో, ఏ కప్పు నుంచి రావడం లేదో ఆ వారం ఎవరికీ తెలియదు.

రెండో రోజున బావ పెళ్లాం నీళ్లకు పోతూ నన్ను పలకరించింది. "ఏటి అన్నా, ఈ వారం నీదేనా? కర్రలు లావుపాటివి ఎట్టు. అవ్వకి నిప్పూదే ఓపిక లేదు. మా ఇంటాయన సన్నపుల్లలెట్టుకొచ్చినాడని తిట్టినాది."

"ఊఁ" అన్నాను.

ఆ ఒక్క అక్షరం అనకుండా ఉంటే సరిపోయేది. లేదా దాని బదులు "నాది కాదు" అని ఉన్నా సరిపోయేది. ఆమె అక్కడికక్కడే కుండ దించి వీధిలోకి పరిగెత్తి ఉండేది, ఆ సాయంత్రానికే అవ్వ ఇంట్లో ఎవరో నిప్పు రాజేసి ఉండేవారు. ఆమె నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

మూడో రోజు కుదురు మీద తెల్లగా మంచు పేరుకుంది. ఎవరూ రాలేదు. నాకు కోపం పెరిగింది. ఇంతమందిలో ఒక్కరికైనా నా గడప గుర్తుకు రాలేదే అని. అవ్వ గుర్తుకు రావాల్సింది ఎవరికి అన్న ప్రశ్న నాకు అప్పుడు తట్టలేదు.

నాలుగో రోజు వలిసె చేను చూడడానికి కొండవాలుకు వెళ్లాను. దారి అవ్వ ఇంటి వెనక నుంచి. గోడ పక్కన నిలబడ్డాను. నిలబడ్డాను అంటే, నిలబడాలని ఆగలేదు, కాళ్లు ఆగాయి. లోపల కత్తితో కర్ర నరుకుతున్న చప్పుడు వినిపించింది. నెమ్మదిగా, ఒక దెబ్బ, కాసేపు ఆయాసం, మరో దెబ్బ. నా గుండె తేలికపడింది. చూశావా, ఆమెకు కట్టెలున్నాయి, నరుక్కుంటోంది అనుకున్నాను. ఇంటికి వచ్చి నా భార్యకు కూడా చెప్పాను. ఆమె పొయ్యి మీంచి తల ఎత్తకుండా, "ఏటి నరుకుతన్నాదో సూసావా?" అంది.

చూడలేదు.

ఆరో రోజు మధ్యాహ్నం ఎండ కాస్త వచ్చింది. పెరట్లో గొడ్డలికి కామ బిగిస్తున్నాను. నా భార్య ఎటో వెళ్లి వచ్చింది. ఇంట్లోకి వెళ్లి మా అటకకు ఆనించిన నిచ్చెన లాగి, భుజాన పెట్టుకుని బయటికి వచ్చింది. నిండు నెలల కడుపు. నిచ్చెన ముందు కొస గాలిలో ఊగుతోంది.

"ఏటి సేత్తన్నావు?"

"నిచ్చెనట్టుకెల్తన్నాను."

"ఎక్కడికి?"

"అవ్వకి నిచ్చెన లేదు."

"ఆవిడకి నిచ్చెన లేకపోవడమేటి?"

ఆమె ఆగలేదు. గెడ్డలో రాళ్ల మీద ఒక్కొక్క అడుగూ చూసుకుంటూ వేస్తూ దాటింది. వెనకాలే పరిగెత్తి నిచ్చెన పట్టుకోబోయాను. "ముట్టుకోకు" అంది. గుంజ మీది కుదురు గురించి ఆమెతో నేనన్న మాటే అది. వీధి పొడుగునా జనం అరుగుల మీదికి వచ్చి చూశారు. నిండు చూలాలు నిచ్చెన మోసుకుపోతుంటే, వెనక ఉత్త చేతుల్తో నేను.

అవ్వ ఇంట్లోకి వంగి అడుగుపెట్టాను. చీకటికి కళ్లు అలవాటు పడడానికి కొంత సమయం పట్టింది. అటక మీద సామల బుట్ట ఎప్పట్లాగే ఉంది. దాని కిందికి నిచ్చెన లేదు. పొయ్యిలో నిచ్చెన నిలువు బొంగు ఒకటి, మోచేతి పొడవు మిగిలి, ఒక కొస కాలుతోంది. మెట్లు లేవు. ముందు మెట్లు ఊడదీసి కాల్చింది, తరవాత ఒక నిలువు నరికింది, తరవాత రెండోది. నిచ్చెన కాల్చక ముందు దించుకున్న సామలు అయిపోయాక పైన ఉన్న గింజలు ఆమెకు అందలేదు. మామిడి టెంకల పిండి కలిపి తాగుతూ ఉంది. ఆమె చెయ్యి ఎత్తితే బుట్ట అడుగుకు రెండు జానల దూరం.

నన్ను చూసి, "వచ్చినావా, కూకో" అంది. ఒక దగ్గు వచ్చి చాలాసేపు ఆగలేదు. ఆగాక నా భార్య వైపు తిరిగి, "దీన్నెందుకు మోసినావే పిచ్చి గుంటా? నెప్పులేటైనా వత్తన్నాయా?" అని కడుపు తడిమి చూసింది.

నేను బయటికి వచ్చి, కనిపించిన మొదటి పొదలోకి వెళ్లి, గొడ్డలి తెచ్చుకోలేదని గుర్తొచ్చి, చేతుల్తోనే ఎండుకొమ్మలు విరిచాను. కుదురు లేకుండా మోశాను. నెత్తి మీద చర్మం గీసుకుపోయింది. నాకు ఆ మంట బాగానే అనిపించింది.

నా భార్య నిచ్చెన మొయ్యడం ఊరంతా చూసింది కాబట్టి మర్నాడు మంచు విడవగానే సదరు కూర్చుంది. బావను నిలబెట్టి అడిగారు. "కుదురు ఇచ్చినావా?"

"రెండు మార్లు పిలిసినాను. పలకనేదు. సంతకెల్లినాడనుకొని గుంజకి తగిలించినాను."

"సేతికిచ్చినావా?"

బావ తల వంచుకున్నాడు. "నేదు."

ఊరిపెద్ద బారికి వైపు తిరిగాడు. "ఈడి గడప కాడ సెప్పినావా?"

"పనసచెట్టు కాడ సెప్పినాను."

"ఇన్నాను అన్నాడా?"

"అననేదు."

నా వంతు వచ్చింది. నిన్న సాయంత్రం కొమ్మలు మోసిన మనిషినే, పొద్దున లేచేసరికి మళ్లీ నా గడప నాకు గుర్తొచ్చింది. ఏళ్లుగా మనసులో అల్లుకున్న మాటలు కదా, ఒక్కటీ తడబడకుండా వచ్చాయి. మాట గడప దగ్గర పడలేదన్నాను. కుదురు చేతిలో పడలేదన్నాను. మా నాన్న ఉండగా ఇలా జరిగేదా అని అడిగాను. రాయి గురించి చెప్పాను, కంబళి గురించి కూడా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఒక్కటే అడగలేదు వాళ్లు: బావ పిలిచినప్పుడు నువ్వెక్కడ ఉన్నావు అని. అడిగితే ఏం చెప్పేవాణ్ణో నాకు తెలియదు. అడగలేదు గనక చెప్పలేదు.

"ఈడన్నది నిజమే. మాట పడనేదు, కుదురు అందనేదు. అంటే ఒంతు ఇంకా నీదేరా" అన్నాడు ఊరిపెద్ద బావతో. "ఒంతు తప్పినావు."

బావ ముఖం చూశాను. అతని ఇంట్లో నలుగురు పిల్లలు. చలికాలమంతా వాళ్లకు ఊరి నిప్పు ఉండదు. నోరు తెరిచి నేను విన్నానని చెబితే ఆ శిక్ష నా ఇంటికి వస్తుంది. నా ఇంట్లో పురుడు రాబోతోంది. నోరు తెరవలేదు.

"ముందు అవ్వనడగండి. కర్రలు వచ్చినాయో నేదో ఆయమ్మ సెప్పాల" అన్నాడు ఒక పెద్దాయన.

అవ్వను ఒకడు వీపున మోసుకొచ్చి రాయి మీద కూర్చోబెట్టాడు. ఎండలో ఆమె పెదాలు నల్లగా కనిపించాయి. "అవ్వా, ఈ వారం నీకు కర్రలొచ్చినాయా?" అని అడిగాడు ఊరిపెద్ద.

ఆమె ఎవరి వైపూ చూడలేదు. "వచ్చినాయి" అంది.

"ఎవులు తెచ్చినారు?"

"నాకు కళ్లు కనపడతన్నాయేటిరా? గుమ్మంలో పడీసి ఎల్లిపోతారు. ఎవులైతే నాకేటి."

"మరి నీ నిచ్చెనేదీ?"

"సెద పట్టీసినాది. కాల్సీసినాను. పాత నిచ్చెన కాల్సుకోడానికి కూడా మీ సదరు నడగాలేటి?"

అందరూ ఒక్కసారి నవ్వారు. బావ కూడా నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ. కట్టెలు వచ్చాయి కనుక వంతు తప్పలేదు. ఎవరి నిప్పూ ఆగలేదు. ఊరిపెద్ద లేచి నా దగ్గరకు వచ్చాడు. ఇక నుంచి బారికి నీ గడప దాకా వస్తాడు, లేకపోతే నాకు చెప్పు అన్నాడు. ఇద్దరు మనుషుల్ని పిలిచి మా నాన్న రాయిని ముందు వరసకు దొర్లించమన్నాడు. తన భుజం మీది కంబళి తీసి నా భుజం మీద వేశాడు. కన్నం లేని కంబళి.

నేను జీవితమంతా అడిగినవన్నీ ఆ పూట దొరికాయి. వద్దనలేదు. కంబళి కప్పుకుని ఆ రాయి మీద కూర్చున్నాను. బాగా చల్లగా ఉంది.

ఆ మధ్యాహ్నమే గొడ్డలితో కొట్టిన మోపు తీసుకుని అవ్వ దగ్గరికి వెళ్లాను. గోడకు దొంతి పెట్టి, ఆమె ముందు కూర్చుని, "అవ్వా, బావ పిలిస్తే నాను ఇన్నాను. ఇంట్లోనే ఉన్నాను" అన్నాను. "ఇప్పుడే ఎల్లి సదరులో సెప్పీస్తాను."

ఆమె నిప్పు ఎగదోస్తూ, "సెప్పి?" అంది.

"తప్పు నాదని."

"నాను కర్రలొచ్చినాయని అందరి ముందరా సెప్పినాను. నువ్వు రానేదంటే నా మాట ఏటవుతాది? ఈ వయసులో నన్ను అబద్దాలకోరుని సేత్తావా?" దగ్గు వచ్చింది. దగ్గు అయ్యాక నా వైపు వేలు చూపించింది. "నీ కోసం సెప్పినాననుకోకు. నీ మొకం సూసి కూడా కాదు. నీ పెళ్లానికి నెల దగ్గరికొచ్చినాది. ఊరు నిప్పు మానేస్తే ఆ బిడ్డని ఎవులు దించుతారు? నువ్వా? నీ గడపా?"

దొంతిలోంచి ఒక కర్ర తీసి ఆమెకు అందించాను.

"సెప్పవు కదా?"

"సెప్పను."

అప్పుడు గాని నాకు తెలిసిరాలేదు. ఫిర్యాదు చెయ్యాల్సిన మనిషి ఆ ఊళ్లో ఆ వారం ఒక్కతే ఉంది. ఆమె చెయ్యలేదు. చెయ్యనిది కాక, నేను నా మీద నేను చేసుకోబోయినదాన్ని కూడా ఆపేసింది.

మాఘంలో ఒక తెల్లవారుజామున నా భార్యకు నొప్పులు వచ్చాయి. అవ్వను నేనే వీపున మోసుకొచ్చాను. ఎండుటాకులంత బరువుంది. దారి పొడుగునా ఆమె దగ్గు నా వీపులోకి దిగింది. మా ఇంట్లోకి వచ్చి పొయ్యి చూసి, "ఇదేటి నిప్పు? బేగి కర్రలు తే, లావుపాటివి. ఇన్నావా?" అంది.

"ఇన్నాను" అన్నాను.

పొద్దెక్కేసరికి ఆడపిల్ల పుట్టింది. అవ్వ పిల్లను నిప్పు వెచ్చన పట్టుకుని తిప్పి చూసి, "నీ పోలికే. ఏడుపు ఆపదు" అంది. నా భార్య నవ్వింది. ఆ వారంలో తొలిసారి నవ్వింది అని రాయబోయాను. వారం కాదు, నెల దాటింది.

అవ్వ దగ్గు మళ్లీ తగ్గలేదు. వేసంకాలం ఎలాగో గడిచింది. తొలకరి వానల్లో పోయింది. చలికాలం దగ్గు కాదు, వయసు అన్నారు అందరూ. నేనూ అవునన్నాను. మా నిచ్చెన ఆమె అటకకే ఆనించి ఉంది. దినం అయ్యాక ఎవరో తెచ్చి ఇవ్వబోతే నా భార్య వద్దంది. మేము మరో నిచ్చెన చేసుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా అటక మీద గింజలు కావాల్సినప్పుడల్లా నా భార్య నన్ను పిలిచేది, నేను ఆమెను భుజాల మీద ఎక్కించుకునేవాణ్ణి.

ఆమెకిచ్చిన మాట ఇన్నాళ్లు నిలబెట్టుకున్నాను. ఇప్పుడు ఆమె మాట పోతుందని బాధపడే సదరూ లేదు, ఆ పెద్దలూ లేరు. అందుకని రాస్తున్నాను. ఇదీ ఒక సాకే కావచ్చు.

బావ సంగతి ఒక్కటి మిగిలింది. ఆ తరవాత ప్రతి చలికాలం అతని వంతు తీరాక నా వంతు వచ్చేది. అతను కుదురు పట్టుకుని మంచులో గెడ్డ దాటి, కంచె దగ్గర ఆగి పిలిచేవాడు. ఇప్పుడు బారికి కూడా గడప దాకా వచ్చేవాడు, బావకు అంత జాగ్రత్త అక్కర్లేదు. అయినా నేను బయటికి వచ్చేదాకా కదిలేవాడు కాదు. మొదటి పిలుపుకే వెళ్లేవాణ్ణి. కుదురు నా రెండు చేతుల్లో పెట్టి, తన రెండు చేతుల్తో నొక్కి, "ఈ పాలి సేతికే ఇచ్చినాను బావా. నాటి తప్పు నాదేనులే" అనేవాడు.

"సర్లే" అనేవాణ్ణి నేను. అతను చనిపోయేదాకా, ఏటా, అంతే అన్నాను.